జిల్లెళ్ళమూడి అమ్మ – గృహిణీ ధర్మము

భగవద్బంధువులకు, విశేషించి వంట ముగించుకొని, పసిపిల్లలను చంకన వేసుకొని ఈ మండపమునకు వచ్చిన తల్లులకు మా నమస్సులు.

ఈ కోడూరులో ప్రవచనము చెప్పినప్పుడల్లా ఒక సంగతి గమనిస్తూ ఉన్నాము. కథ మంచి పట్టులో ఉండగా స్త్రీలలో కొందరు మెల్లగా లేచి వెళ్ళిపోతారు. ఇంటికి పెద్దవారు భోజనానికి వచ్చే వేళ అది. నిన్న అట్లా లేచిన ఒక తల్లి మెట్ల దగ్గర ఆగి మమ్ములను అడిగినది: "అయ్యవారూ, తెల్లవారి లేచినది మొదలు పొయ్యి దగ్గరే సరిపోతున్నది. జపానికి కూర్చుంటే పాలు పొంగుతవి. మా బోటివాళ్ళకు తరించే దారి ఉన్నదా?" అప్పటికప్పుడు సమాధానము తోచలేదు. శాస్త్రవాక్యము ఒకటి చెప్పి పంపవచ్చును గాని, అది ఆమె అడిగినదానికి జవాబు కాదు. రాత్రి ఆలోచించగా, కృష్ణానదికి ఆవలి గట్టున, బాపట్లకు చేరువలో జీవించిన ఒక ఇల్లాలు జ్ఞప్తికి వచ్చినారు. ఈనాటి ప్రసంగము ఆమెను గురించి.

ఆమె పేరు అనసూయాదేవి. లోకము జిల్లెళ్ళమూడి అమ్మ అన్నది. 1923 మార్చి 28న గుంటూరు మండలములోని మన్నవలో జన్మించినారు. పసితనములోనే కన్నతల్లి గతించినది. 1936 మే 5న బాపట్లలో బ్రహ్మాండం నాగేశ్వరరావుగారితో వివాహము. అప్పటికి ఆమెకు పదమూడేండ్లు. భర్త జిల్లెళ్ళమూడికి కరణము. ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె. ఇంతవరకు చూస్తే మన ఊళ్ళలో ఏ కరణముగారి ఇంటి కథ అయినా ఇదే. ఆమె ఇల్లు విడిచి అడవికి పోలేదు, కాషాయము కట్టలేదు. బిందెతో నీళ్ళు మోసి, ఇల్లు అలికి, వచ్చినవారికి వండి పెట్టినారు.

ఆ ఇంటి పనిలోనే ఒక చిన్న ఏర్పాటు చేసినారు. ప్రతి గృహిణీ ఎసట్లో బియ్యము పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరుగా ఉంచవలెను. ఇల్లిల్లూ తిరిగి వాటిని పోగుచేసి, పని దొరకని రోజులలో బీదలకు అందించుట. పిడికెడు తీసినందువలన ఏ ఇంట్లోనూ అన్నము తరుగదు. ఏ కుండలో ఎంత ఉడుకుతుందో తెలిసిన చేయి మాత్రమే ఈ లెక్క వేయగలదు. మా వంటి పండితులకు ఈ ఊహ రాదని ఒప్పుకొనవలెను.

1958 ఆగస్టు 15న అక్కడ అన్నపూర్ణాలయము ఏర్పడినది. ఎవరు, ఏ కులము, ఏ ఊరు అని అడుగక, పగలనక రాత్రి అనక వచ్చినవారికి భోజనము. దర్శనమునకు వచ్చినవారిని ముందు భోజనమునకు పంపుట ఆ ఇంటి సంప్రదాయము. ఉండదలచినవారికి 'అందరిల్లు' వెలసినది. తరువాత సంస్కృత కళాశాల వచ్చినది. తనకు శిష్యులు లేరు, బిడ్డలే ఉన్నారని ఆమె భావము.

ఆ పేరులోనే ఆ భావమున్నది గదా! అత్రి మహర్షి ఆశ్రమమునకు త్రిమూర్తులు అతిథులై వచ్చి, విషమమైన నియమము పెట్టి భిక్ష అడిగినారు. అనసూయ వారిని శపించలేదు, వాదించలేదు. పసిబిడ్డలుగా చేసి కడుపు నింపినది. పరీక్షించ వచ్చిన దైవము ఆకలిగొన్న బిడ్డగా మారినప్పుడు తల్లికి తెలియనిది ఏమున్నది?

అయితే ఆ తల్లికి దుఃఖము లేదనుకొనరాదు. 1968లో కుమార్తె హైమ ఇరువది అయిదేండ్లయినా నిండకనే కాలము చేసినది. ఆమె పేర హైమాలయము నేటికీ అక్కడ ఉన్నది. కడుపుకోత ఎరిగిన తల్లులు మీలో ఉన్నారు. ఆ మాటను మేము విడమరచనక్కరలేదు. ఆ తరువాత కూడా అన్నపూర్ణాలయములో విస్తరి వేయుట ఆగలేదు. 1981లో భర్త, 1985 జూన్ 12న అమ్మ దేహము చాలించినారు. వంట నేటికీ సాగుతున్నది.

ఈ దివిసీమవారికి అన్నము విలువ మరొకరు చెప్పవలెనా? 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో ఇల్లు, గాదె, పశువు, మనిషి ఒక్క రాత్రిలో కొట్టుకొనిపోయిన నేల ఇది. ఆ రోజులను చూచినవారిని కదిలించండి. ఎవరు ఏమి ఉపదేశించినారో వారికి గుర్తు ఉండదు. మొదటి ముద్ద చేతిలో పెట్టినది ఎవరో మాత్రము గుర్తు ఉంటుంది.

ఇక ఒక మాట పురుషులకు. ఇల్లాలి సేవ పూజయే అని మేము చెప్పగా విని, "అయితే మాకేమి, ఆమెను పొయ్యి దగ్గరే ఉండనిద్దాము" అనుకొనుట తగదు. అమ్మ అతి స్వల్పముగా భుజించేవారని ఆమెను ఎరిగినవారు చెబుతారు. అది ఆమె తపస్సు. మన ఇండ్లలో ఆడవారు అందరి తరువాత అడుగంటిన కూర ఊడ్చుకొని తినుట తపస్సు కాదు, మన అశ్రద్ధ. అందరికీ పెట్టినామె తిన్నదా అని ఆ ఇంట్లో ఒక్కరైనా అడుగుతున్నారా? ఇది చెప్పుతున్న మేము కూడా మా ఇంట్లో ఈ ప్రశ్న చాలా ఆలస్యముగా నేర్చుకొన్నాము.

హారతి వేళ సమీపించినది. ఈ రాత్రి ప్రసాదవితరణలో మొదటి పంక్తి తల్లులది. వడ్డించుటకు మగపిల్లలను నిలుపవలెనని ధర్మకర్తలను పొద్దుననే కోరి ఉన్నాము. పులిహోర, దద్ధోజనము సిద్ధమైనవట. నిన్న మెట్ల దగ్గర అడిగిన ఆ తల్లి ఇక్కడ ఉన్నట్లయితే, నేడు తొందరపడి లేవవద్దు. కూర్చొని, తిని వెళ్ళవలెను.