మొంతోనె ఊరి నీడగడియారము



స్మారకచిహ్నమనగానే మనకు పాలరాతి స్తంభమును, పెద్ద సభయు, పూలదండలును తోచును. నేను చెప్పబోవునది ఒక చిన్న ఊరు నిలిపిన నీడగడియారమును గురించి.

ఇటలీ దేశమున పెరూజా సమీపమున మొంతోనె అను కొండమీది ఊరు కలదు. మన పంచాయతీ వంటి సంస్థను అచట కొమూనె అందురు. ఆ కొమూనె, అచటి సైనిక చరిత్రకారులతో గూడి, 2023 జూలైలో ఒక భారత సైనికుని పేర ఆ గడియారమును ప్రతిష్ఠించినది.

ఆయన నాయక్ యశ్వంత్ ఘాడ్గే. నేటి మహారాష్ట్రలోని రాయగడ జిల్లాకు చెందిన పల్లెటూరివాడు. 1943 సెప్టెంబరులో ఇటలీ మిత్రరాజ్యములతో సంధి చేసికొనగా, జర్మను సేనలు ఆ దేశమును ఆక్రమించుకొనెను. వారిని వెడలగొట్టుటకు పోరాడినవారిలో ఏబదివేలకు పైగా భారతీయులుండిరి. 1944 జూలై 10వ తేదీన తైబరు నది ఎగువ లోయలో ఘాడ్గే నడుపుచున్న చిన్న దళముపై అతి సమీపమునుండి మరతుపాకి గుండ్లు కురిసెను. ఆయన తప్ప తక్కినవారందరును చచ్చియో గాయపడియో కూలిరి. ఆయన వెనుదిరుగలేదు. ఒంటరిగా ఉరికి, చేతిబాంబుతో ఆ మరతుపాకిని అణచి, ఒకనిని కాల్చి, మరల గుండ్లు నింపుటకు వ్యవధి లేక, తుపాకిని తిరగవేసి తక్కిన ఇద్దరిని కొట్టెను. అంతలో శత్రువుల గుండ్లు తగిలి నేలకొరిగెను. అప్పటికి ఇరువదిరెండేండ్లవాడు. మరణానంతరము విక్టోరియా క్రాసు లభించెను గాని, సమాధి లేదు. కసీనో స్మారకముపై పేరు మాత్రము కలదు.

ఇటలీలో ప్రాణములిచ్చిన భారతీయులు 5,782 మంది. తన దేశమును పరులు ఏలుచుండగా పరదేశపు విముక్తికై మరణించినవానిని ఎట్లు తలచుకొనవలెను? ఈ చిక్కువలననే కాబోలు, చాలకాలము మనము వారిని తలచుకొనుటయే మానితిమి. నా మట్టుకు నాకు, కొలువు ఎవరిదైనను ప్రాణము ఆయనదే. ఆ ఊరివారికి ఈ సంశయము కలిగినట్లు లేదు. గడియారముపై వారు చెక్కించిన లాటిను మాటకు మనమందరమును ఒకే సూర్యుని క్రింద జీవించువారమని అర్థము.

మన పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరమునకు మిలిటరీ మాధవరమనియే ప్రసిద్ధి. రెండు ప్రపంచయుద్ధములకును ఆ ఊరినుండి సైనికులు వెళ్లిరి. తక్కిన ఊళ్ల సంగతి ఏమి? అట్లు వెళ్లి తిరిగి రానివారి పేర్లు ఏ ముదుసలి నోటనో, ఏ పాత పెట్టెలోని కాగితములలోనో ఉండును. రాబోవు గ్రామసభలో ఇంటింటివారిని అడిగి, ఆ పేర్లను పంచాయతీ పుస్తకమున వ్రాయింపుడు. రాతి సంగతి తరువాత చూతము.