గోడ మీద ఆత్మలకు ఇల్లు

ఒడిశాలోని రాయగడ జిల్లాలో గుణుపురం దాటి పుట్టాసింగి వైపు కొండలెక్కితే లాంజియా సవరలనే గిరిజనుల ఊళ్ళు వస్తాయి. ఊరి మొదట్లో చెక్కిన కొయ్యస్తంభాలు పాతి ఉంటాయి. అవి ఊరిని కాచే దేవతలవి. ఇంటిని కాచేది మాత్రం లోపలి గోడ మీద ఉంటుంది. దాని పేరు ఇడితాల్. ఇవాళ చీరల మీద, కప్పుల మీద మనం చూస్తున్న సవర బొమ్మలకు మూలం అదే.

ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే కుడాన్ అనే పూజారిని పిలుస్తారు, ఆడమనిషైతే కుడాన్‌బోయి. పూనకంలో ఆ మనిషి ఏ సోనుం, అంటే ఏ ఆత్మ, అలిగిందో చెబుతుంది. ఆ ఆత్మకు గోడ మీద ఒక ఇల్లు కట్టిపెడతారు. ఎర్రమట్టి అలికిన గోడ, బియ్యప్పిండి నీళ్ళు, ఒక పుల్ల: అంతే సామగ్రి. బొమ్మ పూర్తయ్యాక కుడాన్ బియ్యం, కల్లు పెట్టి, వచ్చి ఇందులో ఉండమని ఆత్మను వేడుకుంటాడు. అప్పటిదాకా అవి ఉత్త గీతలే. ఆఫ్రికాలో, కాంగో దేశపు సోంగే జనం చేసే రక్షబొమ్మల తీరూ ఇదే. శిల్పి కొయ్య చెక్కితే సరిపోదు. మంత్రవైద్యుడు దాని పొట్టలోనో, తలమీది కొమ్ములోనో మందు దట్టిస్తేనే దానికి శక్తి.

మరి ఇడితాల్‌ని ఎలా చూడాలి? ముందు అంచు చూడండి. చిత్రకారుడు చట్రం గీసుకుని లోపలికి నింపుకుంటూ వస్తాడు. అంచు ఆ ఇంటి గోడ, లోపలున్నదంతా ఆత్మ సంసారం. నాట్యమాడేవాళ్ళు, ఏనుగులు, గుర్రాలు, చెట్లు, సూర్యచంద్రులు. మహారాష్ట్ర వార్లీ గిరిజనుల బొమ్మలో నడుము దగ్గర కలిసే రెండు త్రికోణాలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. సవర మనిషి అంత కోసుగా ఉండడు, సాగి ఉంటాడు. మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1955లో సవరల మతం గురించి రాసిన పెద్ద పుస్తకంలో ఈ బొమ్మల్లో సైకిళ్ళూ విమానాలూ కూడా ఉన్నాయని రాశాడు. నాకు అది ఎంతో నచ్చుతుంది. లోకంలో ఏ కొత్త సౌకర్యం వచ్చినా అది ఆత్మకూ అందాలి కదా!

పర్లాకిమిడిలో ఉండి సవర భాష నేర్చి, 1931లో దాని వ్యాకరణం అచ్చువేయించిన గిడుగు రామమూర్తిగారు మనవారు. అలా చూస్తే సవర జనం మనకు కొత్త కాదు. పార్వతీపురం మన్యం జిల్లా సీతంపేట కొండల్లోనూ సవరలున్నారు.

ఇప్పుడు చాలా సవర ఊళ్ళు క్రైస్తవం తీసుకున్నాయి. అక్కడ ఇడితాల్ గీసే పనిలేదు. బజారు కోసం గీసే బొమ్మ అందంగానే ఉంటుంది, కానీ దాన్ని ఏ ఆత్మకోసమూ గీయలేదు. భువనేశ్వర్ వెళితే గిరిజన మ్యూజియంలో సవర బొమ్మల ముందు కాసేపు నిలబడండి. ఈ ఇల్లు ఎవరికోసం కట్టారని అడగండి.