కరవునేలలో త్రవ్విన గుంటలు



ప్రపంచ దారిద్ర్యమును గూర్చి యువజనులకు బోధించువారు సాధారణముగా అంకెలతో ఆరంభింతురు. 2024లో ప్రపంచ బ్యాంకు ప్రకటించిన లెక్క ననుసరించి, రోజునకు 2.15 డాలర్లకు లోబడి బ్రతుకువారు దాదాపు 70 కోట్లమంది. ఐక్యరాజ్యసమితి 2015లో 17 లక్ష్యములను నిర్ణయించి, 2030 నాటికి సాధింపవలెనని తీర్మానించినది. అందు మొదటిది దారిద్ర్య నిర్మూలనము. ఈ అంకెలు అవసరమే. కాని 70 కోట్లు అను మాట విన్న బాలునికి కలుగునది జాలి. ఆ జాలి మరునాటికి ఆరిపోవును. ఒక్క పొలము ఎట్లు బీడైనదో, ఆ బీడు మరల ఎట్లు పండినదో తెలిసినచో కలుగు భావము వేరు. అట్టి పొలమొకటి ఆఫ్రికా ఖండమున కలదు.

సహారా ఎడారికి దక్షిణమున బుర్కినా ఫాసో అను దేశమున్నది. 1984 వరకు దాని పేరు అప్పర్ వోల్టా. దాని ఉత్తర భాగమున యాటెంగా అను సీమ కలదు. అచ్చటివారి తిండి జొన్న, సజ్జ. వానలు ఏటికి మూడు నాలుగు మాసములే. రాయలసీమవారికి, పాలమూరువారికి ఆ బ్రతుకు వివరింప నక్కరలేదు. 1970 తరువాతను, మరల 1980 తరువాతను అచ్చట వానలు తప్పినవి. నేల పైపొర గాలికి, జడివానకు కొట్టుకొనిపోగా మిగిలినది రాయివలె గట్టిపడెను. అట్టి నేలపై వాన కురిసినను ఇంకదు, జారిపోవును. వాన రాక కొంత, వచ్చిన వాన నిలువక కొంత పంట పోయెను. యువకులు పొరుగుననున్న ఐవరీ కోస్టునకు కూలికై వెడలిరి. పాలమూరు వలసకూలీల కథయు ఇట్టిదే కదా!

ఆ దినములలో గుర్గా గ్రామమున యాకూబా సవడోగో అను రైతు ఊరు విడువలేదు. ఆయన 1946లో జన్మించెను. బాల్యమున మత పాఠశాలలో చదివి, కొంతకాలము అంగడిలో వర్తకము చేసి, పిమ్మట సేద్యమునకు మరలెను. గట్టినేలలో జానెడు గుంటలు త్రవ్వి విత్తుట ఆ సీమలో పూర్వాచారమే. దానిని ‘జాయ్’ అందురు. సవడోగో ఆ గుంటలను మరికొంత పెద్దవి చేసి, వాన రాకమునుపే వేసవిలో త్రవ్వి, అందు పశువుల ఎరువును, ఆకుచెత్తను నింపెను. ఎండలో రాతినేల త్రవ్వువానిని చూచి ఇరుగుపొరుగువారు వెర్రివాడనిరి. ఎరువునకు చెదలు చేరినవి. చెద యనగానే తెలుగు రైతు మందు వెదకును! అచ్చట ఆ చెదలు తొలిచిన సన్నని దారులే గట్టినేలను గుల్లపరచి, వాననీటిని లోనికి దించినవి. గుంటలో నీరును నిలిచెను, సత్తువయు నిలిచెను, పైరు లేచెను.

ఎరువుతో కలిసివచ్చిన గింజలనుండి చెట్లు మొలవగా ఆయన వానిని పెరికివేయలేదు. కాలక్రమమున 60కి పైగా జాతుల చెట్లతో, పొదలతో దాదాపు 40 హెక్టారుల వనము, అనగా నూరెకరముల అడవి, ఏర్పడెను. తనకు తెలిసినదానిని ఆయన దాచుకొనలేదు. చుట్టుప్రక్కల రైతులను పిలిచి, విత్తనములు మార్చుకొనుటకును, ఈ పద్ధతి నేర్చుకొనుటకును సంతలు జరిపెను. 2018లో ఆయనకు రైట్ లైవ్లీహుడ్ పురస్కారము లభించెను. 2023 డిసెంబరులో మరణించెను.

కథ ఇంతటితో ముగించుట సులభము. కాని అది సగము నిజమే యగును. పట్టణము పెరిగి ఆ వనమునకే ముప్పు తెచ్చెను. దేశమున సాయుధ హింస ప్రబలి, 2023 నాటికి 20 లక్షలకు పైగా జనులు ఇండ్లు వాకిళ్ళు విడువవలసివచ్చెను. గుంట త్రవ్వుట రైతు చేతిలోని పని. భూమిహక్కు, శాంతిభద్రతలు ప్రభుత్వముల చేతిలోని పని. యువకులకు ఈ రెంటిని కలిపియే చెప్పవలెను. మొదటిదానిని మాత్రమే చెప్పినచో, పేదవాని పేదరికమునకు వాని సోమరితనమే హేతువను భ్రాంతి నిలిచిపోవును.

నార్వే ప్రధాని గ్రో హార్లెమ్ బ్రంట్లాండ్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము 1987లో ఒక నివేదికను ప్రకటించినది. నేటివారి అవసరములు తీరవలెను, కాని రేపటివారు తమ అవసరములు తీర్చుకొను శక్తి చెడరాదు అని దాని సారాంశము. దీనికే సుస్థిరాభివృద్ధి యని పేరు. పేరు పెద్దది గాని, ఎంత కరవు వచ్చినను విత్తనపు గింజలు ముట్టరాదని యెరిగిన రైతింట ఈ భావము క్రొత్తది కాదు. ఐనను ఆ రైతే బోరుబావి విషయమున ఆ నియమమును మరచుచున్నాడు. విత్తనము గాదెలో కంటికి కనబడును, పాతాళమందలి నీరు కనబడదు. అదియే కారణము కావచ్చును.

గ్రంథాలయమునకు వచ్చు యువతీయువకులు ఈ రజతోత్సవ వత్సరమున రెండు పనులు పూనుకొనవచ్చును. ప్రపంచ పటము ముందు నిలిచి బుర్కినా ఫాసోను వెదకి గుర్తించుట ఒకటి. ఊరిలోని ప్రతి బావిలో, ప్రతి బోరులో నీరు నేడు ఎన్ని అడుగుల లోతున కలదో, తాతల యౌవనమున ఎంత లోతున ఉండెడిదో ఇంటింట అడిగి, ఒక పుస్తకమున వ్రాసి, దినపత్రికల బల్లపై అందరకు అందునట్లు ఉంచుట రెండవది. ఏటేట ఏరువాక నాడు ఆ పుస్తకమును విప్పి, క్రొత్త అంకెలను చేర్చవలెను.