మనసుకి బరువు మంచిదేనా?

పెంటపాడు నుంచి మాట్లాడుతున్నాను. ఈ మధ్య మా ఊళ్లో కనపడిన ప్రతివాళ్లూ నన్ను అడిగేది ఒకటే. "నలభై దాటినవాడివి, రైస్ మిల్లులో లెక్కలు రాసుకునేవాడివి, నీకీ బరువులెత్తే గోలేంటయ్యా? సినిమాల్లోకి వెళ్తావా?" అని. ఇవాళ్టి ఎపిసోడ్ దానికి జవాబు. అయితే కండల సంగతి పక్కన పెట్టి, మనసు సంగతి చెప్తాను.

ముందు ఒక చిక్కు ప్రశ్న వేసుకుందాం. మా దగ్గర ధాన్యం బస్తా అంటే 75 కిలోలు. ముఠా కూలీలు దాన్ని వీపు మీద వేసుకుని రోజంతా లారీలకి ఎక్కిస్తారు. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టుకి వెళ్లినా ఇదే దృశ్యం. బరువు మొయ్యడం వల్లే మనసు తేలికపడేదయితే, వాళ్లంత ప్రశాంతంగా ఉండేవాళ్లు ఈ చుట్టుపక్కల ఇంకెవరూ ఉండకూడదు కదండీ? కానీ సాయంత్రం అయ్యేసరికి వాళ్లకి నడుం పట్టేస్తుంది, ఒళ్లు హూనమైపోతుంది. మరి అదే బరువు జిమ్ములో నాకెందుకు మేలు చేస్తోంది?

నాకు అర్థమైనంతవరకు తేడా మూడు చోట్ల ఉంది. ఆ బరువు నేను ఎంచుకున్నది. దానికి కొలత ఉంది. ఎత్తాక దించేసి విశ్రాంతి తీసుకునే హక్కు నాకుంది. కూలీకి ఈ మూడూ లేవు. ఎన్ని బస్తాలో లారీ చెప్తుంది, ఎప్పుడు ఆగాలో మేస్త్రీ చెప్తాడు.

ఇప్పుడు మనసుకి వద్దాం. మా నాన్నగారు పోయిన ఏడాది నాకు సరిగ్గా నిద్ర ఉండేది కాదు. పడుకుంటే చాలు, ఆసుపత్రి ఖర్చులు, చెల్లెలి పెళ్లి అప్పు, పొలం పంపకం అన్నీ ఒక్కసారే మీదకి వచ్చేవి. ధ్యానం చెయ్యమన్నారు. కళ్లు మూసుకుంటే అవే ఇంకా పెద్దగా వినపడేవి. అలాంటప్పుడు ఒక స్నేహితుడు గూడెంలో జిమ్ముకి తీసుకెళ్లాడు. మొదటి వారం కోచ్ నా చేతికి ఖాళీ బార్ ఇచ్చాడు, 20 కిలోలు. తర్వాత మెల్లగా ప్లేట్లు వేశాడు. రెండు నెలలకి 80 కిలోల డెడ్‌లిఫ్ట్. బార్ నేల వదిలి తొడల దాకా వచ్చేలోపు తలలో ఇంకో ఆలోచనకి చోటుండదండి. కాళ్లు, నడుం, ఊపిరి, అంతే. గట్టిగా ఐదు సెకన్లు. ఆ ఏడాదంతటిలో నా బుర్రకి దొరికిన మొదటి ఖాళీ అదే. అప్పు తీరలేదు, పంపకం తేలలేదు. కానీ వాటిని కాసేపు కింద పెట్టొచ్చని ఒంటికి తెలిసింది.

రెండోది, అంకె అబద్ధం చెప్పదు. మనల్ని రోజూ ఎవరో ఒకరు తూకం వేస్తూనే ఉంటారు. ఏ కులం, ఎంత పొలం, పిల్లాడికి ఎంత ప్యాకేజీ అని. బార్ అవేం అడగదు. స్టువర్టుపురం తీసుకోండి. బ్రిటిష్ కాలంలో నేరస్థ తెగల చట్టం కింద పెట్టిన సెటిల్‌మెంట్ అది. ఇప్పటికీ ఆ పేరు వినగానే దొంగల కథలు చెప్పేవాళ్లున్నారు. అక్కడి కుర్రాడు రాగాల వెంకట రాహుల్ 2018లో గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో మొత్తం 338 కిలోలు ఎత్తి బంగారు పతకం తెచ్చాడు. 338 అంటే 338. ఊరి పేరు చూసి ఎవరూ ఒక్క కిలో తగ్గించలేరు.

మూడోది, ఓడిపోవడం అలవాటవుతుంది. మన కరణం మల్లీశ్వరి గారు 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలతో కాంస్యం గెలిచారు. ఒలింపిక్ పతకం సాధించిన మొదటి భారతీయ మహిళ ఆవిడే. అయితే ఆ రోజు ఆవిడ ఆఖరి ప్రయత్నం 137.5 కిలోలు, అది నిలవలేదు. వెయిట్‌లిఫ్టింగ్‌లో ఇది వింతేమీ కాదు. ఒక్కో లిఫ్టుకి మూడు అవకాశాలిస్తారు, చాలామందికి ఏదో ఒకటి పోతుంది. బార్ కింద పడేసి, పక్కకి జరిగి, మళ్లీ వస్తారు. పరీక్ష పోతే బతుకే పోయిందనుకునే పిల్లలున్న రాష్ట్రం మనది. ఓటమిని నేల మీద పడేసి ఇంటికెళ్లి అన్నం తినొచ్చని వారానికి మూడుసార్లు నేర్పే చోటు ఇంకెక్కడుంది చెప్పండి?

"నువ్వేదో అనుకుంటున్నావులే" అంటారేమో. 2018లో జామా సైకియాట్రీ అనే వైద్య పత్రికలో ఒక విశ్లేషణ వచ్చింది. 33 ప్రయోగాలు, 1,877 మంది. బరువులతో వ్యాయామం చేసినవాళ్లలో కుంగుబాటు లక్షణాలు చెప్పుకోదగ్గంత తగ్గాయి. ఇంకో సంగతి, ఎంత బలం పెరిగిందన్నదానితో ఈ తగ్గుదలకి సంబంధం కనపడలేదు. అంటే పక్కవాడు 150 ఎత్తుతున్నాడని మీరు నడుం విరగ్గొట్టుకోనక్కర్లేదు. మీకు బరువైనది 30 కిలోలయితే, మీకు అదే చాలు.

మొదలుపెట్టేవాళ్లకి నాలుగు మాటలు. బీపీ, గుండె జబ్బు, డిస్క్ బాధ ఉంటే ముందు డాక్టర్ని అడగండి. మొదటి నెల బరువు కోసం కాదు, పద్ధతి కోసం వెళ్లండి. ఒకసారి గట్టిగా చేశాక ఒకటి రెండు రోజులు వదిలెయ్యండి, ఎందుకంటే కండ పెరిగేది ఎత్తేటప్పుడు కాదు, విశ్రాంతిలో. ప్రతిసారీ ఎంత ఎత్తారో చిన్న పుస్తకంలో రాసుకోండి. మనసు బాగోని రోజు ఆ పుస్తకం తిరగేస్తే చాలు, మీరు ఎక్కడ నుంచి వచ్చారో తెలుస్తుంది.

ఇంకో మాట. బతకాలనిపించనంత బాధలో ఉంటే జిమ్ము మందు కాదు. అప్పుడు మనిషి సాయం కావాలి. ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆ ఫోను చెయ్యడం కూడా బరువు దించడమే.

మనం మోసేవాటిలో చాలావరకు మనం ఎంచుకున్నవి కావు. అందుకే రోజులో కనీసం ఒక్క బరువైనా మనం ఎంచుకుని, ఎత్తి, మన చేత్తో కింద పెట్టేది ఉండాలి. వచ్చే ఎపిసోడ్‌లో నిద్ర గురించి మాట్లాడుకుందాం. ఉంటానండి.