కోసిన క్రిస్మస్ చెట్టుకు నీరే ఆధారం

అమెరికాలో క్రిస్మస్ పండుగకు ఇళ్లలో నిలిపే నిజమైన చెట్టు చాలావరకు తోటల్లో పంటగా పెంచినదే. అది 6, 7 అడుగుల ఎత్తుకు రావడానికి సాధారణంగా 7 నుంచి 10 ఏళ్లు పడుతుంది. నార్త్ కరోలినా కొండల్లో పెరిగే ఫ్రేజర్ ఫర్, ఒరెగాన్‌లో పెరిగే నోబుల్ ఫర్ రకాల చెట్లు గట్టి కొమ్మలతో బరువైన అలంకరణలను మోయగలవు కాగా, డగ్లస్ ఫర్ కొమ్మలు మెత్తనివి కనుక వాటికి తేలికైనవే తగిలించాలి. కొనేటప్పుడు కొమ్మను వేళ్ల మధ్య పట్టి మెల్లగా లాగి చూడాలి. లోపలి ఎండుటాకులు కొన్ని రాలడం సహజమే గాని, పచ్చని సూదాకులు చేతినిండా ఊడివస్తే ఆ చెట్టును అక్కడే వదిలివేయడం మేలు.

కోసిన చెట్టు కూడా నీరు తాగుతూనే ఉంటుందన్న సంగతిని చాలామంది గుర్తించకపోవడం విచారకరం. కోత పడిన చోట సర్జరసం, అంటే ఈ జాతి చెట్లలో ఊరే చిక్కని జిగురు, కొద్ది గంటల్లోనే గట్టిపడి, దారువు అనే నీటిని మోసే కణజాలపు దారులను మూసివేస్తుంది. అందువల్ల స్టాండులో నిలిపే ముందు మొదలు నుంచి అర అంగుళం మొదలుకొని అంగుళం మందం గల బిళ్లను ఏటవాలు లేకుండా అడ్డంగా కోసివేసి, వెంటనే నీటిలో ఉంచాలి. స్టాండులో పట్టడం లేదని కాండాన్ని చుట్టూ చెక్కడం పెద్ద పొరపాటు. ఎందుకంటే నీటిని ఎక్కువగా పైకి చేర్చేది బెరడును ఆనుకొని ఉన్న వెలుపలి కొయ్యే. కాండం అడ్డుకొలతలో అంగుళానికి రోజుకు దాదాపు లీటరు చొప్పున, అంటే 4 అంగుళాల కాండానికి 4 లీటర్ల వరకు నీరు అవసరం కావచ్చు. చక్కెర, ఆస్పిరిన్ వంటివేమీ కలపనక్కరలేదు, కుళాయి నీరే చాలు. అయితే నీటిమట్టం కోతకు దిగువకు జారితే అక్కడ మళ్లీ జిగురు పేరుకుంటుంది కనుక, ఉదయం, సాయంత్రం తప్పక చూడాలి.

హీటరుకు, పొయ్యిగూటికి కనీసం 3 అడుగుల దూరంలో చెట్టును నిలిపి, అంతగా వేడెక్కని ఎల్‌ఈడీ దీపాలను వాడి, నిద్రకు ముందు వాటిని ఆర్పాలి. ఎండిన చెట్టు అంటుకుంటే నిమిషం తిరగకుండానే గదంతా మంటల పాలు కాగలదని అక్కడి అగ్నిప్రమాద పరీక్షలు చూపాయి. డిసెంబరు సెలవుల్లో స్వదేశానికి బయలుదేరే అక్కడి తెలుగు కుటుంబాలు నీరు పోసేవారు లేని ఇంట్లో చెట్టును వదిలి వెళ్లకూడదు. పండుగ ముగిశాక దీపాలూ తళుకు తీగలూ పూర్తిగా విప్పి చెట్టును ఇస్తే, అనేక పట్టణాల్లో పురపాలకులు దానిని ముక్కలు చేయించి తోటల నేలపై పరిచేందుకు వాడతారు.