తూము లేని కట్ట

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరైనవాణ్ణి. నా సర్వీసంతా చెరువుకట్టల మీదే గడిచింది. ఈరోజు ఒక కట్ట గురించే చెబుతాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కుంటకు గండి పడింది. పూడ్చడానికి మన్ను కావాలి. వెతుకుతూ పోతే ఓరుగల్లు కోట దగ్గర, కంపచెట్లు కమ్ముకున్న ఎత్తైన మట్టికట్ట కనిపించింది. పాడుబడ్డ చెరువుకట్ట కదా, ఇక్కడి మన్ను తీసుకోవచ్చు అనుకున్నాను. అలవాటు కొద్దీ తూము కోసం చూశాను. లేదు. మత్తడి కోసం చూశాను. అదీ లేదు. చెరువుకట్ట ఈ మిట్ట నుంచి ఆ మిట్ట దాకా పోయి ఆగుతుంది. ఇది వంపు తిరుగుతూ పోతూనే ఉంది. బయటి పక్కన పొడుగునా కందకం!

అక్కడ పశువులు కాస్తున్న ఒక పెద్దాయన, "ఇది చెరువుకట్ట గాదు సారూ, మట్టికోట. దీన్ని తవ్వుతరా?" అన్నాడు. నాకు తల కొట్టేసినట్లయింది. లోపలి రాతికోటను, తోరణాలను ఎన్నోసార్లు చూసినవాణ్ణే. దాని చుట్టూ ఇంకో కోట ఉన్నదని తెలియదు.

తర్వాత చదివి తెలుసుకున్నాను. గణపతిదేవుడు మొదలుపెట్టిన రాతికోటను ఆయన కుమార్తె రుద్రమదేవి (1262-1289) పూర్తి చేసిందని, ఈ మట్టికోటను కూడా ఆమే కట్టించిందని చెబుతారు. ఈ వలయం అడ్డకొలత సుమారు 2.4 కిలోమీటర్లు. 1310లో మాలిక్ కాఫుర్ ముట్టడించినప్పుడు ఈ గోడ ఉక్కు బల్లేనికి కూడా లొంగనంత గట్టిదని, విసిరిన రాళ్లు దానికి తగిలి వెనక్కి ఎగిరిపడేవని ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో రాశాడు. శత్రుపక్షం వాడే మెచ్చుకున్నాడన్నమాట! దిమ్మిస కొట్టి బిగించిన మన్ను దెబ్బకు ఓర్చుకుంటుంది. కట్టల మీద పనిచేసిన మనవాళ్లకు ఇందులో ఆశ్చర్యం లేదు.

2021లో రామప్ప గుడికి ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. సంతోషం. కానీ రాతిని చూసి చేతులెత్తి మొక్కే మనమే, మన్ను కనబడితే గంపకెత్తుకుంటాం. రాయి పడిపోతే మళ్లీ నిలబెట్టవచ్చు. కోట మన్ను బండికెక్కిందా, ఇక తిరిగి రాదు.

మనుమలను, మనుమరాళ్లను కోటకు తీసుకుపోయినప్పుడు తోరణాల దగ్గరే ఆగకండి. ఈ కట్ట దగ్గరికి కూడా తీసుకుపోయి, "దీని తూమెక్కడరా?" అని అడగండి. వెతకనివ్వండి. ఆ పెద్దాయన నాకు చెప్పిన మాటను అప్పుడు మీరు వాళ్లకు చెప్పండి.