తుఫాను వెలిసిన తరువాత



తుఫాను ఒక్క రాత్రిలో పోతుంది. అది తెచ్చిన జబ్బూ, అప్పూ మాత్రం ఏళ్ల తరబడి ఇంట్లోనే తిష్ఠ వేస్తాయి. ఈ సంగతే మీకు మనవి చేద్దామని లేచాను.

1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచింది. సుమారు 10,000 మంది పోయారు. మిగిలినవారికి తాగే నీళ్లు లేవు. చెరువులు, బావులు, పొలాలు ఉప్పుపట్టాయి. 1996 నవంబరు 6న కోనసీమను కొట్టిన తుఫానులో లక్షల కొబ్బరిచెట్లు కూలాయి. నాటు రకం మొక్క పెట్టి కాపు చూడాలంటే ఆరేడేళ్లు. అందాకా దింపు కూలీలు ఏం తినాలి?

జబ్బు వేరు, అప్పు వేరు కాదండీ. చెడిన నీళ్లు తాగి బిడ్డకు విరేచనాలు పట్టుకుంటే తండ్రికి కూలి పోతుంది, మందులకు అప్పు చేస్తాడు. అప్పు తీర్చటానికి తిండి తగ్గిస్తారు. తిండి తగ్గితే మళ్లీ జబ్బే.

కాబట్టి సాయం రెండు విడతలుగా జరగాలి. మొదట అన్నం పొట్లాలతోపాటు క్లోరిన్ బిళ్లలు పంచాలి. కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో, టీ చెంచాతో సమంగా కొలిచి, ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి విరేచనాలయ్యే బిడ్డకు పట్టాలి. ఈ లెక్క ప్రతి తల్లికీ నోటికి రావాలి. తరువాత, వడ్డీ వ్యాపారి గడప తొక్కకముందే వలో, కుట్టుమిషనో, తోపుడుబండో చేతికందించాలి.

ఇందుకు మన సంఘం నిధిలో విడిగా ఒక పద్దు మబ్బు పట్టకముందే పెట్టుకుందామని కోరుతూ, సెలవు తీసుకుంటున్నాను.